మంచం కింది కొత్త బ్యాటరీ

బోనెట్ ఎత్తేదాకా భూపాల్ ఏ పాపమూ ఎరగని మనిషి. ఎత్తిన మరుక్షణం నేరం తనదేనని ఒప్పేసుకున్నాడు. ఆ బోనెట్ కింద అంత భయంకరమైనది ఏముందయ్యా అంటే, ఒక బ్యాటరీ. కొత్తది, ఇంకా మెరుపు పోనిది. మొగుణ్ణి చూసి, మామను చూసి, ఆఖరికి కుక్కను చూసి భయపడి నిజం కక్కేసిన వాళ్ళను అహల్య తన డిటెక్టివ్ వృత్తిలో చాలామందినే చూసింది గానీ, బ్యాటరీని చూసి తల వంచినవాణ్ణి చూడడం ఇదే మొదలు.

పోలీస్‌స్టేషన్ బయట పొగమంచు ఇంకా విడవలేదు. గోదావరిఖనిలో ఈ కాలంలో పొద్దెక్కినా తెల్లారినట్టుండదు. మంచు, బొగ్గుపొయ్యిల పొగ, లారీలు లేపిన దుమ్ము మూడూ కలిసి ఊరిమీద దుప్పటిలా పడుకుంటాయి. షేర్ ఆటోలో వస్తూ అహల్య ఓ కునుకు తీసింది. ఆ కునుకులో ఎవరో ఒక చేతిదీపం పట్టుకుని ఆమె ముందు నడిచారు. ముఖం మాత్రం చూపించలేదు. మంథని అయ్యవారి కూతురు డిటెక్టివ్ కావడమే వింత, పైగా పగలు కలలు కూడానా అని ఆమె వదిన దెప్పుతూ ఉంటుంది. దెప్పితే దెప్పనీ, మెలకువలో చిక్కని ముడులు ఆమెకు ఎన్నోసార్లు కునుకులోనే విడిపోయాయి.

జరిగింది ఇదీ. ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తోలే కాంట్రాక్టరుకు ఒక ఫోర్‌వీల్ బండి ఉంది. రోడ్డన్నది లేని చోట, మట్టిగుట్టలమీద, బురదలో, సామానూ మనుషులనూ మోసుకు తిరిగే మొండి బండి. దాని డ్రైవరు భూపాల్. అమావాస్యనాడు మధ్యాహ్నం, పనివాళ్ళందరూ చాయ్ తాగే వేళ, ఆ బండి మట్టిగుట్ట మీదనుంచి తనంతట తానే దిగివచ్చి కింద నీళ్ళ పంపు షెడ్డును గుద్దింది. రేకులకింద పంపు నడిపే సదయ్య పడ్డాడు. ఆనాటినుంచి దవాఖానలో కళ్ళు తెరవలేదు.

భూపాల్ మొదట చెప్పిన మాట ఒకటే. బ్యాటరీ చచ్చిపోయింది, బండి గుట్టమీదే ఆగిపోయింది. ఫస్టు గేరులో పెట్టి, ముందు చక్రానికి పెద్ద రాయి అడ్డుపెట్టి, తాళంచెవి అందరిలాగే మ్యాటు కింద ఉంచి, ఇంటికిపోయి పడుకున్నాడు. ఎస్.ఐ. రమ అతని ఎదుటే బోనెట్ తెరిపించింది. సెల్ఫ్ కొడితే బండి ఒక్క దెబ్బకు లేచింది. భూపాల్ లోపలికి తొంగిచూశాడు. అక్కడే మట్టిలో కూలబడి, "నేనే మేడం, కొత్త బ్యాటరీ నేనే బిగించిన, బండి నేనే తీసిన" అన్నాడు. ఈ సాయంత్రం అతణ్ణి మేజిస్ట్రేటు ముందు పెడతారు. ఆపైన జైలు. అతని భార్య సంధ్యారాణి మాత్రం అహల్య దగ్గరికి వచ్చి, "మా ఆయన అబద్ధం చెప్తున్నడు మేడం" అని ఏడ్చింది. మొగుడు నేరం ఒప్పుకుంటే అది అబద్ధమని మొత్తుకునే భార్య దొరకడం కూడా అహల్యకు ఇదే మొదలు.

ఎస్.ఐ. రమ గది తలుపు తీసి, "మాట్లాడుర్రి. కానీ నాకు ఒప్పుకున్న మనిషున్నడు, మీకు ఏడ్సే మనిషున్నది. కోర్టు ఎవల మాట ఇంటదో మీకు తెల్సు" అంది.

భూపాల్ తలుపు దగ్గరికి వచ్చి తల వంచి లోపలికి దూరాడు. అంత పొడుగు మనిషి. గోడవారగా కూర్చున్నాక కూడా మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"బ్యాటరీ నువ్వే కొన్నవా?" అని అడిగింది అహల్య.

"నేనే కొన్న."

"ఏదో దొరికింది తెచ్చినవా, చూసి తెచ్చినవా?"

ఆ ప్రశ్నకు మాత్రం భూపాల్ ముఖం వెలిగింది. పాపం, దాచుకోవడం చాతకాని మనిషి. "చూడకుంటె ఎట్ల మేడం? కార్లకేసేటిది దీనికి పనికిరాదు. గుట్టలెక్కుతది, పక్కకు ఒరుగుతది. నీళ్ళు పోసే రకమైతే యాసిడ్ ఒలుకుతది. ఒలకని రకం కావాలె. కుదుపులకు లోపలి ప్లేట్లు ఇరగొద్దు. ప్లస్సు దిక్కు తప్పితే వైరు అందదు. బ్యాటరీ పెట్టే తొట్టెల సరిగ్గ కూసోవాలె, అటూ ఇటూ కదలొద్దు. నాలుగు దుకాన్లు తిరిగిన. ఇంట్ల రోజూ అదే ముచ్చట. మా సంధ్య, పిల్లకు సంబంధం చూస్తున్నవా ఏంది అని నవ్వింది."

"మరి బండి ఆగేదాకా ఎందుకున్నవ్? పొద్దున్నే తీస్కపోయి బిగిస్తె అయిపోవు గదా?"

"ఆనాడు అమావాస్య మేడం. కొత్త సామాను అమావాస్యనాడు బిగించొద్దని సంధ్య బొట్టుపెట్టి మంచం కిందనే ఉంచింది. రేపు పోయి బిగిస్తనని..."

అక్కడ నాలుక కరుచుకున్నాడు. గదిలో ఫ్యాను లేదు, గడియారం లేదు. మంచు కిటికీలోంచి వచ్చి ఇద్దరి మధ్యా కూర్చున్నట్టుంది.

"అమావాస్యని పొద్దున ఇంట్ల పెట్టిపోయినోనివి, అదే అమావాస్యనాడు మధ్యాహ్నం తెచ్చి బిగించినవా?" అంది అహల్య నెమ్మదిగా. "పాత బ్యాటరీ ఏమైంది?"

"అమ్మిన."

"ఎవలకు?"

"యాది లేదు."

"భూపాల్, ఆ బోనెట్ కింద నీకు ఏం కనబడ్డది?"

అతని పెద్ద చేతులు రెండూ కలిశాయి. కళ్ళలో నీళ్ళు నిండి ఆగాయి. "మీకు దండం పెడ్త మేడం. నన్ను ఇట్లనే ఇడిశిపెట్టుర్రి. నేనైతె ఏడనన్న బతుకుత." అతను గోడవైపు తిరిగిపోయాడు.

నేనైతే బతుకుతా అన్నాడంటే, బతకలేనివాళ్ళు ఎవరో ఉన్నారన్నమాట. ఆ మాటను కొంగుకు ముడివేసుకుని అహల్య గని దారి పట్టింది.

మట్టిగుట్ట కింద బండి ఎలా ఆగిందో అలాగే ఉంది. ముక్కు విరిగిన రేకుల్లో దూర్చి, నిద్రపోతున్న పెద్ద జంతువులా. చుట్టూ కట్టిన తాడు లోపల ఒక మనిషి అప్పుడే ఫొటోలు తీస్తున్నాడు. నల్లద్దాలు, ఇస్త్రీ చొక్కా. విజయేంద్ర! అహల్యకు ఒళ్ళు మండింది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఒకే ఫోను వాడుకున్నవాళ్ళు. ఇప్పుడతను బండి బీమా చేసిన కంపెనీ తరఫున విచారణ చేస్తాడు. ఆమె కంటే ముందు వస్తాడు, ముందు తేలుస్తాడు, ఆ సంగతి ముందే నలుగురికీ చెబుతాడు.

"లేచిన్రా అహల్యగారూ? ఇంక కలలోనే ఉన్నరనుకున్న" అన్నాడు.

"కలలోకి కూడా మీరే ముందొచ్చిన్రు, అందుకే లేచిన. ఏం తేల్చిన్రు?"

"తేల్చడానికేముంది? బండికి బ్యాటరీ ఎవడు ఎంచుతడు? డ్రైవరు. ఎవడు బిగిస్తడు? డ్రైవరు. బిగించి, తీసి, అంచు మీద నిలబెట్టి దిగిపోయిండు. వాడే ఒప్పుకున్నడు. మీరు ఇంకా ఎవలకోసం తిరుగుతున్నరు?"

"ఒప్పుకున్నోని కోసమే" అంటూ అహల్య బోనెట్ ఎత్తింది.

బ్యాటరీ ఎడమవైపు మూలన ఉంది. అంతెత్తునుంచి దిగి షెడ్డును గుద్దినా వెంట్రుకవాసి కదలలేదు. కింద నల్లటి రబ్బరు ముక్క పరిచి ఉంది. అది బొగ్గు మోసే బెల్టు ముక్క. ఈ ఊళ్ళో సగం ఇళ్ళ గడపలముందు కాళ్ళు తుడుచుకునేది దాంతోనే. పైన ఇనుప పట్టీ గట్టిగా బిగించి ఉంది. మూలన కుంకుమబొట్టు. అన్నిటికన్నా వింత, ప్లస్సూ మైనస్సూ రెండింటికీ నల్లటేపు చుట్టి ఉంది. పొరమీద పొర, ఎక్కడా ముడత లేకుండా, గోటిమొనంత ఇనుము కూడా బయటికి కనబడకుండా. పసిపిల్ల వేలికి దెబ్బతగిలితే తల్లి గుడ్డ చుట్టినంత జాగ్రత్తగా చుట్టారు.

"ఇది మెకానిక్కు చెయ్యి కాదు. వాళ్ళు కొంచెం గ్రీసు పూసి బోనెట్ ఏస్తరు. ఇట్ల ఎవలు చుడతరు?" అంది.

"పిరికోడు చుడతడు. టేపు చుట్టిన్రని మనిషిని వదుల్తదా కోర్టు?"

అహల్య పట్టీ అవతలి నట్టును తాకబోయింది. అందలేదు. బండి ఎత్తు, ఆమె పొట్టి. మడమలు ఎత్తి, రేకును పట్టుకుని వేలాడినా వేలు అందలేదు. విజయేంద్ర నవ్వాడు. "ఒక పీట తెప్పియ్యాల్నా?" అన్నాడు.

అహల్య చెయ్యి గాల్లోనే ఆగింది. పీట! ఆమె అతనికేసి ఎంతో ప్రేమగా చూసేసరికి, విజయేంద్ర కంగారుపడి అద్దాలు తీసేశాడు.

ఆమె అప్పటికే గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. పైన మంచు మరీ దట్టం. కింద పనిచేసే యంత్రాల మోత ఎక్కడో ఇంకో ఊళ్ళోంచి వస్తున్నట్టుంది. బండి నిలిచినచోట చక్రాల జాడలు మెత్తటి మట్టిలో అలాగే ఉన్నాయి. ముందు చక్రం ఎదుట ఒక పెద్ద రాయి ఆనినట్టు గుంట ఉంది. రాయి మాత్రం గుంటలో లేదు. పక్కకు జరిపి, ఎడమవైపు, ఇంజను ఉండే చోటికి సరిగ్గా పక్కన పెట్టి ఉంది. పైభాగం చదునుగా ఉంది. దాని అంచుకు నల్లటేపు చిన్న ముక్క అతుక్కుని ఉంది.

అహల్య చెప్పులు విడిచి ఆ రాయి మీద నిలబడి కళ్ళు మూసుకుంది. లేని బండి మంచులోంచి వచ్చి ఆమె ముందు నిలిచింది. లేని బోనెట్ తెరుచుకుంది. చేతులు చాస్తే ఇప్పుడు నట్టు అందుతోంది. ఆమె పక్కన ఇంకెవరివో చేతులు తీరిగ్గా టేపు చుడుతున్నాయి. కునుకులో దీపం పట్టుకున్న చేతులు అవేనేమో అనిపించింది.

విజయేంద్ర రొప్పుతూ పైకి వచ్చాడు. "పడిపోతరు, దిగుర్రి!"

"భూపాల్ ఎంత పొడుగు?"

"ఆరడుగులుంటడు. అయితే?"

"ఆరడుగుల మనిషికి రాయెక్కే పనేంది? పైగా చక్రానికి అడ్డం పెట్టిన రాయి తియ్యొద్దని డ్రైవర్లందరికీ తెల్సు. తెల్వనోళ్ళకే అది పీట లెక్క కనబడ్తది. గేర్ల ఉన్న బండికి సెల్ఫ్ కొడితే అది దుంకుతదని కూడా వాళ్ళకు తెల్వది. ఎవలో పొట్టి మనిషి, డ్రైవింగు రాని మనిషి బిగించిన్రు."

విజయేంద్ర రాయికేసి చూశాడు, గుంటకేసి చూశాడు. ఏదో అనబోయాడు. అంతలో అతని ఫోను మోగింది. విని జేబులో వేసుకున్నాడు. మళ్ళీ పాత నవ్వు వచ్చేసింది. "సదయ్య కదిలిండట. నేను దవాఖానకు పోతున్న. మీరు రాళ్ళను అడుగుర్రి, నేను మనిషిని అడుగుత" అని దడదడా దిగిపోయాడు. జీపు మంచులో కలిసిపోయింది. అహల్య మాత్రం నడిచి, ఆటో పట్టుకుని, సెంటినరీ కాలనీ దాటాక ఉన్న భూపాల్ ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది.

సంధ్యారాణి గడపలోనే నిలబడి ఉంది. "ఆయన ఏమన్నడు మేడం?"

"మంచం కింద బ్యాటరీ ఆయన తీస్కపోంగ నువ్వు చూసినవా?"

"లేదు. ఆనాడు బడిల పని చేసుకోని వచ్చి ఊడుస్తుంటె మంచం కింద ఖాళీగ ఉండె. అమావాస్య పూట చెప్తె ఇనకుండ తీస్కపోయిండని కోపమొచ్చింది. ఆయన పండుకోని ఉండె. లేపుదామనుకునే లోపల్నే బండి షెడ్డును గుద్దిందని ఫోనొచ్చింది."

మాట్లాడుతూ ఆమె దీపం వెలిగించడానికి లైటరు అందుకుంది. అహల్య చూపు ఆ లైటరు మీద ఆగిపోయింది. దాని నడుముకు నల్లటేపు చుట్టి ఉంది. గూట్లో టార్చికి టేపు. టీవీ రిమోటుకు టేపు. గోడమీద స్విచ్చు పక్కన తేలిన వైరుకు టేపు. పొరమీద పొర, ఎక్కడా ముడత లేదు.

"ఇవన్నీ ఎవలు చుట్టిన్రు?" అంది.

సంధ్యారాణి ముఖంలో ఇన్ని రోజుల తర్వాత చిన్న నవ్వు మెరిసింది. "మా మామ. నర్సింగం మామ. బొగ్గుబాయిల లాంపు రూముల పనిచేసిండు. దిగేటోళ్ళకు లాంపులిచ్చుడు, ఎక్కినంక తిరిగి తీసుకునుడు. లాంపు బ్యాటరీల ఇనుము బయట కనబడితె నిప్పురవ్వ లేస్తది, కింద గ్యాసు అంటుకుంటది, మనుషులు పోతరు అంటడు. రిటైరై ఎన్నేండ్లాయె! ఇప్పుడు ఏదీ యాదికుండది. రోజూ టోపీ పెట్టుకోని, షేర్ ఆటో ఎక్కి గని దాకా పోతడు. గేటు కాడ అందరికీ ఎరుకే, ఎవ్వలేమనరు. తిరిగి తిరిగి వస్తడు. కానీ మూడు రోజులాయె, కన్ను మూస్తలేడు. మోకాలు కూడా కొట్టుకపోయింది. ఎట్ల పడ్డవంటె చెప్పడు. లెక్క తప్పింది, లెక్క తప్పింది అంటడు."

చెబుతూ చెబుతూ ఆమె మాట ఆగిపోయింది. ఆమె కూడా ఆ లైటరుకేసి చూసింది.

వెనక గదిలో, మంచం పట్టెమీద, నెత్తిన పాత టోపీతో ఒక చిన్న ముసలాయన బిగుసుకుని కూర్చుని ఉన్నాడు. సంధ్యారాణి భుజం వరకు కూడా రాడేమో. అహల్యను చూసి లేచి నిలబడ్డాడు.

"బిళ్ళ తెచ్చినవా బిడ్డా? బిళ్ళ లేకుంటె లాంపియ్య."

"లాంపు కోసం రాలే కాక" అంది అహల్య. అతని పక్కన కూర్చుంది. "గుట్టమీద ఒక లాంపు ఆరిపోయిందట గదా. ఎవలు మార్చిన్రు?"

నర్సింగం కళ్ళు మెరిశాయి. కొడుకు కళ్ళలాంటివే. "నేనే! పోరడు మధ్యాహ్నమొచ్చి చచ్చిపోయింది, చచ్చిపోయింది అనుకుంట పండుకున్నడు. చీకట్ల ఎవలు దిగుతరు చెప్పు? కొత్తది భుజంమీద పెట్టుకోని పోయిన. మంచిది ఎంచిండు వాడు, ఒలకని రకం. ఎక్కడ ఇనుము కనబడకుంట చుట్టిన. ఎలుగుతదా లేదా చూడాలె గద? చెవి తిప్పిన. ఎలిగింది బిడ్డా! రెండు కండ్లూ ఎలిగినయ్." ఆయన నవ్వు మెల్లగా వాడిపోయింది. "నన్ను కిందికి తోసింది. తోసి, అదే డ్యూటీకి దిగిపోయింది."

"మరి ఆరిపోయిన లాంపు ఏమైంది కాక?"

"ఏమైతది? తిరిగి రూముకు తేవాలె, చార్జింగు పెట్టాలె. అది రూలు."

ఆయన మూలకు నడిచి, అటకకింద కప్పిన పాత కంబళి తొలగించాడు. చెక్క బల్లమీద చచ్చిపోయిన బ్యాటరీ, గోడకు ఆనించి, వంకర లేకుండా నిలబెట్టి ఉంది. దానికీ టేపు. దాని మెడకు దారంతో వేలాడుతూ ఆయన కొలువునాటి ఒక ఇత్తడి బిళ్ళ. ప్రతి మనిషీ గనిలోకి దిగేటప్పుడు లాంపు తీసుకుని రూములో వదిలి వెళ్ళే బిళ్ళ. ఆ బిళ్ళ అక్కడ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం.

"ఇది సదయ్యది" అన్నాడు నర్సింగం. "కింద సదయ్యను చూసిన. నా దిక్కు ఉరికొస్తుండె. తర్వాత కనబడలే. వాడింక పైకి రాలే బిడ్డా. మనిషి పైకి రాకుంటె నేను రూము మూసి ఇంటికి ఎట్ల పోత?"

అహల్యకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకోలేదు కూడా. బోనెట్ కింద భూపాల్ చూసింది తండ్రి చేతులనే. ఇంట్లో స్నానాలగది దారే గుర్తులేని ఈ మనిషి జైలు గదిలో ఒక్కరోజు బతకడని కొడుక్కి తెలుసు.

సంధ్యారాణి ఒక్క ఉదుటున వచ్చి కంబళి లాగి బ్యాటరీ మీద కప్పేసింది. "మీరు చూడలే మేడం. ఇది మీరు చూడలే." మళ్ళీ అంతలోనే, "చూడకుంటె ఆయన ఎట్ల వస్తడు?" అని తనే కూలబడింది. ఎటు తిరిగినా ఆమెకు దారి లేదు. ఒకవైపు మొగుడు, ఒకవైపు కన్నతండ్రికన్నా ఎక్కువైన మామ.

అహల్య ఫోను మోగింది. ఎస్.ఐ. రమ. ఎప్పుడూ తొణకని ఆ మనిషి గొంతు ఇప్పుడు మెత్తగా ఉంది.

"అహల్యగారూ, సదయ్య కండ్లు తెరిచిండు. మొదటి మాట ఏమన్నడో తెల్సా? 'నర్సింగమన్న పైకొచ్చిండా?' అన్నడు. బండిల నర్సింగం కాకను చూసిండట. ఆపుదామని ఎదురు ఉరికిండట. ఆ ముసలోడు రేకులకిందనే ఉన్నడనుకోని, ముందు ఆయనను తియ్యిర్రి అని ఒక్కతీరు ఏడుస్తుండు." గొంతు తగ్గించింది. "విజయేంద్ర మంచం పక్కనే ఉండె. అంతా ఇన్నడు. జీపెక్కిండు. ఈపాటికి భూపాల్ గల్లీల ఉంటడు."

అహల్య ఫోను దించింది. వెళ్ళి నర్సింగం ముందు మోకాళ్ళమీద కూర్చుంది.

"కాక, సదయ్య పైకొచ్చిండు."

"నిజంగనా?"

"నిజం. నిన్నే అడుగుతుండు."

ముసలాయన చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత కంబళి తీసి, దారం విప్పి, బిళ్ళను ఆమె అరచేతిలో పెట్టాడు. "అయితే లెక్క సరిపోయింది" అన్నాడు. టోపీ తీసి దిండుపక్కన పెట్టుకుని మంచంమీద ఒరిగాడు. మూడు రోజులుగా రాని నిద్ర అలా అనుకునే లోపలే వచ్చేసింది.

వాకిట్లో జీపు ఆగింది. హారను ఒకసారి మోగింది, మళ్ళీ మోగింది. విజయేంద్ర చేతికి దొరికితే ఈ చచ్చిన బ్యాటరీ, ఈ బిళ్ళ, ఈ నిద్రపోయే మనిషి ముగ్గురూ రాత్రిలోగా కోర్టులో ఉంటారు. భూపాల్ బయటికి వస్తాడు, తండ్రి లోపలికి పోతాడు. అట్లా కాకుండా, ఇది నేరం కాదు, ఏదీ గుర్తుండని ముసలాయన చేతిలో జరిగిన ప్రమాదమని, ఎదురు ఉరికిన సదయ్య మాటతో సహా మేజిస్ట్రేటుకు ముందుగా ఎవరైనా చెప్పగలిగితే అది అహల్య ఒక్కతే.

ఆమె బిళ్ళను పిడికిట్లో బిగించింది. అది ముసలాయన చేతి వెచ్చదనంతో ఇంకా గోరువెచ్చగా ఉంది.

"కాకను లేపకు" అని సంధ్యారాణితో చెప్పి, తలుపు దగ్గరగా వేసి, అహల్య గడప దాటింది.